ఋతువుతో కదిలే కుండీల తోట

కుండీలో పెరిగే మొక్క బతుకంతా దాని వేళ్ల చుట్టూ ఉన్న కాస్త మట్టిలోనే సాగుతుంది. నేల మీది మొక్కకు ఎండ ముదిరితే వేరు లోతుకు దిగుతుంది, నీరు నిలిస్తే పక్కకు పాకుతుంది. కుండీలో ఆ రెండు దారులూ మూసుకుపోతాయి. వానకు మట్టి నానితే వేరుకు గాలి ఆడదు, వేసవిలో కుండీ గోడ కాలితే వేరు ఉడికిపోతుంది. అయితే నేల మీది మొక్కకు లేని ఒక సదుపాయం కుండీ మొక్కకు ఉంది. దాన్ని ఎత్తి మరో చోట పెట్టవచ్చు. కుండీల పెంపకంలో నేర్చుకోవలసిన విద్య అంతా ఈ రెండు మాటల్లోనే ఉంది: ప్రతి ఋతువులోనూ వేరుకు వచ్చే ఇబ్బంది ఏమిటో తెలుసుకోవడం, దానికి తగినట్టు చోటు మార్చడం.

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ ఈ విద్యకు గట్టి పరీక్ష పెట్టే ఊరు. ఇక్కడ ఏడాదికి సుమారు 1,200 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో చాలా భాగం జూన్ నడుమ నుంచి సెప్టెంబరు చివరిలోగా కురిసేస్తుంది. మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి, జనవరిలో 10 డిగ్రీల కిందికి దిగే రాత్రులూ ఉంటాయి. విశాఖ, శ్రీకాకుళం తీరాల్లో సముద్రపు గాలి ఎండనూ చలినీ కొంత మెత్తబరుస్తుంది. బిలాస్‌పూర్‌కు ఆ ఆసరా లేదు. కోస్తాలో ఏడాది పొడవునా ఒకే మూల ఉంచినా బతికే కరివేపాకు, కనకాంబరం ఇక్కడ అలా బతకవు.

ఈ తేడా ఊళ్లోని తెలుగు కుటుంబాలకు బాగా తెలుసు. నాగపూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా ఆసన్‌సోల్ వెళ్లే బెంగాల్ నాగపూర్ రైల్వే ప్రధాన మార్గం 1891లో పూర్తయింది. 1902లో తూర్పు తీరపు మార్గంలోని ఉత్తర భాగం కూడా అదే కంపెనీ చేతికి వచ్చింది. 1931లో పార్వతీపురం, రాయ్‌పూర్ మధ్య లైను పడింది. ఉత్తరాంధ్ర నుంచి రైల్వే కొలువులకు ఇటు రావడానికి దారి అలా ఏర్పడింది. 2003 ఏప్రిల్ 1 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు బిలాస్‌పూర్ కేంద్రం. బదిలీ ఎప్పుడొస్తుందో తెలియని క్వార్టర్ జీవితంలో పెరట్లో చెట్టు నాటితే వదిలి వెళ్లాల్సిందే, కుండీలో పెంచుకుంటే వెంట తీసుకెళ్లవచ్చు. రైల్వే కాలనీల వరండాల్లో, మెట్ల మీద కుండీల తోటకు విలువ ఇందువల్లే వచ్చింది.

కుండీని ఎంచుకోవడం

ముందు చూడవలసింది పరిమాణం. కొత్తిమీర, మెంతి, తోటకూర లాంటి ఆకుకూరలకు 6 నుంచి 8 అంగుళాల లోతు చాలు. అయితే తొట్టి వెడల్పుగా ఉండాలి. బంతికీ చామంతికీ 8 నుంచి 10 అంగుళాల కుండీ సరిపోతుంది. గులాబీ, మల్లె, మిరపకు 12 అంగుళాలది కావాలి. టమాటా, వంగ మొక్కలకు 15 నుంచి 20 లీటర్ల మట్టి పట్టే తొట్టి ఉంటేనే కాపు నిలుస్తుంది. కరివేపాకుకూ మందారానికీ 14 నుంచి 16 అంగుళాలు, నిమ్మకు కోసిన సగం డ్రమ్ము అవసరం. చిన్న మొక్కను ఒకేసారి పెద్ద తొట్టిలో పెట్టడం మంచిది కాదు. వేరు అందుకోని మట్టి రోజుల తరబడి తడిగా ఉండి కుళ్లుకు దారి తీస్తుంది. రెండేసి అంగుళాల చొప్పున కుండీని పెంచుకుంటూ పోవాలి.

రెండోది కుండీ దేనితో చేసిందనే సంగతి. కాల్చిన మట్టి కుండీ గోడల నుంచి నీరు ఆవిరవుతూ ఉంటుంది కాబట్టి లోపలి మట్టి చల్లగా ఉంటుంది. వేసవిలో నీళ్లు ఎక్కువ పోయాల్సి వచ్చినా బిలాస్‌పూర్ ఎండకు దీనికి మించిన కుండీ లేదు. దానికి ఆయిల్ పెయింటు పూస్తే సన్న రంధ్రాలు మూసుకుపోయి ఆ మేలు పోతుంది. రంగు కావాలంటే జేగురు పూసి, అంచుకు సున్నపు గీత దిద్దడమే మేలు. సిమెంటు కుండీ బరువైనది, గాలివానకు పడిపోదు. కొత్తదానిలోని సున్నపు గుణం తగ్గడానికి కొద్ది రోజులు నీళ్లు నింపి, పారబోసి, ఆ తర్వాతే మొక్క నాటాలి. ప్లాస్టిక్ కుండీ తేలిక, నీటిని నిలుపుతుంది, కానీ నల్లదైతే వేసవి ఎండను పీల్చుకుని వేడెక్కుతుంది. అలాంటివాటికి ఎండ తగిలే వైపు తెల్ల సున్నం పూయడమో, గోనెపట్టా చుట్టడమో చేయాలి. పెయింటు డబ్బాల్లో పూలమొక్కలు పెంచవచ్చు గాని తినే కూరలు వద్దు.

మూడోది నీరు పోయే దారి. పది అంగుళాల కుండీకి వేలు పట్టేంత చిల్లులు మూడు నాలుగు ఉండాలి. ఒక్కో చిల్లు మీద ఒక పెంకు ముక్క బోర్లిస్తే చాలు. కుండీ అడుగున కంకర పరిస్తే నీరు బాగా దిగుతుందని చాలామంది నమ్మకం. నిజానికి సన్న మట్టిలోని నీరు పూర్తిగా తడిసేదాకా ముతక కంకరలోకి జారదు. తడి పొర కంకర పైన నిలబడి వేళ్లకు ఇంకా దగ్గరవుతుంది, మట్టికి ఉండాల్సిన చోటు కూడా తగ్గుతుంది. కంకర మానేసి, కుండీ కింద రెండు ఇటుక ముక్కలు పెట్టి కాస్త ఎత్తులో ఉంచితే నీరు తేలిగ్గా జారిపోతుంది.

మేడ మీద పెట్టేవారు బరువు లెక్క వేసుకోవాలి. తడి మట్టి లీటరుకు దాదాపు కిలోన్నర తూగుతుంది. ఇరవై లీటర్ల తొట్టి ముప్పై కిలోలవుతుంది. పెద్ద తొట్లను స్లాబు నడుమ కాకుండా గోడల మీదుగా, దూలాల మీదుగా వచ్చే చోట పెట్టాలి.

మట్టిని కలపడం

ఛత్తీస్‌గఢ్ రైతులు తమ నేలలను నాలుగు పేర్లతో చెప్పుకుంటారు. గులకలున్న ఎర్రనేల భాటా, పసుపు రంగు తేలిక నేల మటాసీ, బరువైన నల్లనేల కన్హార్, మటాసీకి కన్హార్‌కు నడిమి రకం డోరసా. కుండీలకు మటాసీ బాగా పనికొస్తుంది. కన్హార్ మట్టి ఒక్కటే నింపితే ఎండినప్పుడు కుంచించుకుని కుండీ గోడను వదిలేస్తుంది. పోసిన నీరంతా ఆ సందులోంచి జారి అడుగున కారిపోతుంది, మొక్క మొదలు మాత్రం పొడిగానే ఉంటుంది. నీళ్లు పోస్తున్నా మొక్క వాడిపోతోందంటే ఆ సందు ఉందేమో ముందు చూడాలి.

అన్నిటికీ పనికొచ్చే మిశ్రమం ఇది: రెండు పాళ్లు మటాసీ, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు, మరో పాలు కోకోపీట్, ఊక కలిపినది. బిలాస్‌పూర్ చుట్టూ వరి పండుతుంది, రైస్ మిల్లులు ఉన్నాయి కాబట్టి ఊకకు కొదవ లేదు. సగం కాలిన నల్ల ఊక దొరికితే ఇంకా మంచిది. అది మట్టిని గుల్లగా ఉంచుతుంది, తొందరగా చివకదు. పది అంగుళాల కుండీకి గుప్పెడు వేపపిండి కలిపితే వేరుపురుగుల బెడద తగ్గుతుంది. పచ్చి పేడ మాత్రం వేయకూడదు. కుండీలోనే అది కుళ్లుతూ వేడి పుట్టించి వేళ్లను కాలుస్తుంది.

కుండీ అంచు దాకా మట్టి నింపకుండా అంగుళంన్నర ఖాళీ ఉంచాలి. నీళ్లు పోసి చూస్తే అవి కాసేపట్లో పై నుంచి ఇంకి, రెండు మూడు నిమిషాల్లో అడుగు చిల్లు నుంచి చుక్కలుగా రావాలి. పైన చెరువులా నిలిస్తే ఊక పాలు పెంచాలి, పోసినట్టే కారిపోతే కంపోస్టు పాలు పెంచాలి.

ఎండ దిక్కు తెలుసుకోవడం

బిలాస్‌పూర్ కర్కటరేఖకు కొంచెం దక్షిణంగా, 22 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. అందువల్ల జూన్‌లో మధ్యాహ్నపు సూర్యుడు దాదాపు నడినెత్తికి వస్తాడు. డిసెంబరులో దక్షిణం వైపు ఒరిగి, మిట్టమధ్యాహ్నం కూడా ఆకాశంలో సగం ఎత్తులోనే ఉంటాడు. దక్షిణం వైపు వరండా ఉన్న ఇంటికి ఇది వరం. చలికాలంలో ఎండ వరండా లోపలి దాకా వస్తుంది, వేసవిలో కప్పు నీడే పడుతుంది. ఉత్తరం వైపు గోడ కింద చలికాలమంతా ఎండ పడదు, అక్కడ మనీప్లాంటు, స్నేక్ ప్లాంటు లాంటి నీడ మొక్కలే నయం. తూర్పు వైపున ఉదయపు ఎండ తగిలి మధ్యాహ్నానికి నీడ వస్తుంది కాబట్టి ఎక్కువ మొక్కలకు అది అచ్చి వస్తుంది. పడమటి గోడ ఏప్రిల్ నుంచి జూన్ దాకా సాయంత్రం వరకూ కాలుతూనే ఉంటుంది. ఆ చోటును కాగితంపూలకూ ఎడారి గులాబీకీ వదిలేయాలి.

అమరిక

చూడముచ్చటైన తోటకు కుండీలను రెండు జట్లుగా అనుకోవడం మంచి మొదలు. మొదటి జట్టు ఏడాదంతా ఉండే ఆకు మొక్కలు: అరేకా పామ్, క్రోటన్లు, స్నేక్ ప్లాంటు, తులసి, కరివేపాకు. రెండో జట్టు ఋతువును బట్టి వచ్చి పోయే పూలు. మొత్తం కుండీల్లో మూడో వంతు మొదటి జట్టువైతే ఋతువు మారే నెలల్లో కూడా వరండా బోసిపోదు. పూత అయిపోయిన కుండీని వెనక్కి తీసి, మొగ్గ వేసినదాన్ని ముందుకు తేవాలి.

ఎత్తులో తేడా చూపిస్తేనే గుంపుకు అందం. వెనుక పొడుగు మొక్క, నడుమ గుబురు మొక్క, ముందు వరుసలో అంచు మీదుగా కిందికి వాలే మొక్క ఉండాలి. మొక్కలన్నీ ఒకే ఎత్తువైతే కొన్నిటి కింద ఇటుకలో, బోర్లించిన ఖాళీ కుండీలో పెట్టాలి. మూడు లేదా అయిదు కుండీల గుంపు, గోడ పొడవునా ఒకే దూరంలో పేర్చిన వరుస కన్నా కంటికి బాగుంటుంది. వీధి గుమ్మం మెట్ల దగ్గర మాత్రం రెండు వైపులా ఒకే రకం జంట కుండీలు పెడితే హుందాగా ఉంటుంది. ఒక గుంపులో రెండు రంగులు, వాటి మధ్య తెలుపు సరిపోతాయి. పసుపు బంతికి తెల్ల చామంతి, ఎర్ర సాల్వియాకు తెల్ల అలిస్సం మంచి జోడీలు. కుండీల రంగు ఒకే తీరున ఉంటే పూల రంగే ముందు కనిపిస్తుంది.

ఒకే తొట్టిలో రెండు మూడు మొక్కలు కలిపి నాటేటప్పుడు అందం కన్నా ముందు నీటి అవసరం చూడాలి. చలికాలంలో పద్నాలుగు అంగుళాల తొట్టి నడుమ సాల్వియా, చుట్టూ డయాంథస్, అంచున అలిస్సం నాటవచ్చు, మూడింటికీ ఒకే పాటి నీరు చాలు. నీరు తక్కువ కోరే ఎడారి గులాబీని, ఎప్పుడూ తడి కావాల్సిన కోలియస్‌తో కలిపితే రెంటిలో ఒకటి పోవడం ఖాయం. వరండాలో కుండీల గుంపులకూ ఇదే సూత్రం: నీళ్లు రోజూ కావాల్సినవి ఒక చోట, రెండు మూడు రోజులకు ఒకసారి చాలేవి మరో చోట ఉండాలి.

వానాకాలం: వేరుకు గాలి కావాలి

మృగశిర, ఆర్ద్ర కార్తెల్లో తొలి వానలు పడగానే కుండీల సంవత్సరం మొదలవుతుంది. కొమ్మలు నాటడానికి ఇదే అదను. మందారం, నందివర్ధనం, క్రోటన్ల నుంచి పెన్సిల్ మందాన ఆరంగుళాల కొమ్మ తీసుకుని, కణుపుకు కాస్త కింద ఏటవాలుగా కోసి, కింది ఆకులు తీసేసి, రెండు కణుపులు మట్టిలో మునిగేలా గుచ్చితే చాలావరకు చిగురిస్తాయి.

చామంతి పని కూడా ఇప్పుడే మొదలవుతుంది. పాత మొక్క మొదట్లో వచ్చిన పిలకలను జూన్, జూలైల్లో వేరు చేసి నాటాలి. ఆరేడు ఆకులు రాగానే తల చిగురు గోటితో తుంచాలి. పక్క కొమ్మలు వచ్చాక వాటి చిగుళ్లూ తుంచాలి. ఆగస్టు నడుమ దాకా ఇలా చేస్తే మొక్క గుబురవుతుంది. ఆ తర్వాత తుంచకూడదు. పగలు తగ్గి రాత్రి పెరుగుతున్న కొద్దీ చామంతి మొగ్గ కడుతుంది. రాత్రి చీకటి దానికి ఎరువంత అవసరం. రైల్వే యార్డు దగ్గర ఎత్తయిన స్తంభాల దీపాల వెలుగు, వీధి దీపం వెలుగు నేరుగా పడే చోట ఉంచిన చామంతి ఆకులతో పచ్చగా ఉంటుంది గాని మొగ్గ ఆలస్యం చేస్తుంది. సెప్టెంబరు నుంచి దాన్ని రాత్రిపూట చీకటిగా ఉండే వైపుకు మార్చాలి.

వానల్లో మొక్కలు చనిపోవడానికి తెగుళ్ల కన్నా నిలిచిన నీరే ఎక్కువ కారణం. ముసురు పట్టిన రోజుల్లో చిల్లులు పూడిపోయాయేమో పుల్లతో పొడిచి చూడాలి. ఎడారి గులాబీ, కాక్టస్, జెరేనియంలను చూరు కిందికి చేర్చాలి. కుండీల కింది పళ్లేలు ఈ నాలుగు నెలలు తీసేయడమే మంచిది. డెంగీ దోమ గుడ్డు దశ నుంచి ఎగిరే దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు. పళ్లెం ఉంచక తప్పకపోతే వారానికి ఒకసారి వంపేసి, గుడ్లు అంటుకునే అంచును పీచుతో తోమాలి. పెద్ద వానల్లో ఎరువు కొట్టుకుపోతుంది కాబట్టి ఒకేసారి కాకుండా, వాన తెరిపి ఇచ్చినప్పుడల్లా గుప్పెడు కంపోస్టు వేయాలి.

కూరల్లో తోటకూర, బచ్చలి, గోంగూర ఈ కాలంలో బాగా వస్తాయి. బుధ్‌వారీ బజార్‌లోనూ శనిచరీ బజార్‌లోనూ ఎర్ర తోటకూరను లాల్ భాజీ అనీ, బచ్చలిని పోయీ భాజీ అనీ, గోంగూరను అమారీ భాజీ అనీ అడగాలి. బచ్చలి కాడలు కొని, ఆకులు దూసుకున్నాక కింది ముక్కలు నాటినా తీగ వచ్చేస్తుంది. బీర, కాకర, చిక్కుడు గింజలు పెద్ద తొట్లలో నాటి వరండా ఊచల మీదికి పాకించవచ్చు.

శరత్తు: చలికాలానికి ఏర్పాట్లు

హస్త, చిత్త, స్వాతి కార్తెల కాలం, అంటే సెప్టెంబరు చివరి నుంచి నవంబరు మొదటి దాకా, ఏడాదిలో అన్నిటి కన్నా పని ఎక్కువగా ఉండే రోజులు. అక్టోబరు నడిమికి వానలు వెనక్కి తగ్గుతాయి. వానకు గట్టిపడిన పైమట్టిని గుల్లచేసి, రెండంగుళాల పొర తీసేసి కొత్త మిశ్రమం వేయాలి.

గులాబీ కత్తిరింపు అక్టోబరులో చేస్తారు. ఎండిన కొమ్మలు, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు తీసేసి, మిగిలినవాటిని బయటి వైపు చూస్తున్న మొగ్గకు పైన ఏటవాలుగా కోయాలి. ఆరేడు వారాలకు తొలి పూత వస్తుంది. పెటూనియా, ఫ్లాక్స్, డయాంథస్, సాల్వియా, కాలెండులా విత్తనాలను వెడల్పు పళ్లేల్లో చల్లి, నాలుగైదు వారాల నారును కుండీల్లోకి మార్చాలి. డాలియా దుంపలకూ టమాటా నారుకూ ఇదే సమయం. మెంతి, పాలకూర, కొత్తిమీర గింజలను ఒకేసారి కాకుండా పదిహేను రోజుల ఎడంతో ఒక్కో తొట్టిలో చల్లుకుంటే సంక్రాంతి దాటేదాకా ఇంటికి ఆకుకూర ఉంటుంది. ధనియాలను చల్లే ముందు రెండుగా నలపాలి.

పండుగకు పూలు అందాలంటే వెనక్కి లెక్క వేసుకోవాలి. ముద్దబంతి విత్తిన 60 నుంచి 70 రోజులకు పూస్తుంది. దీపావళికి కావాలంటే ఆగస్టు నడుమ, సంక్రాంతి గొబ్బెమ్మలకు కావాలంటే అక్టోబరు చివర విత్తాలి. చలికి ఎదుగుదల మందగిస్తుంది కాబట్టి సంక్రాంతి బంతికి ఒక వారం ముందే విత్తడం క్షేమం.

చలికాలం: ఎండ వెంట కుండీ

డిసెంబరు, జనవరి నెలల్లో కుండీలను దక్షిణం, తూర్పు వైపులకు చేర్చాలి. మట్టి మెల్లగా ఆరుతుంది కాబట్టి నీటి లెక్క మారుతుంది. వేలిని రెండు కణుపుల లోతు మట్టిలోకి గుచ్చి, పొడిగా తగిలితేనే నీళ్లు పోయాలి. పోసేది ఉదయం పూట అయితే మంచిది. సాయంత్రం తడిసిన ఆకులు రాత్రంతా చల్లగా ఉండి తెగుళ్లను పిలుస్తాయి.

పూల మొక్కలకు పదిహేను రోజులకు ఒకసారి పిండి నీళ్లు పోస్తారు. వంద గ్రాముల ఆవపిండి చెక్కను లీటరు నీటిలో మూడు నాలుగు రోజులు నానబెట్టి, ఆ తేటకు పదింతల నీళ్లు కలిపి పోయాలి. చిక్కగా పోస్తే వేరు మాడుతుంది. వాడిన పూలను వెంటనే తుంచేస్తే మొక్క విత్తనం కట్టే పని మాని మళ్లీ మొగ్గ వేస్తుంది. చామంతిలో ఒక కొమ్మకు ఒకే మొగ్గ ఉంచి మిగతావి గిల్లేస్తే పువ్వు పెద్దదవుతుంది, అన్నీ ఉంచితే కుండీ నిండా చిన్న పూలు వస్తాయి.

ఈ రోజుల్లో కరివేపాకు పసుపుబారి ఆకు రాలుస్తుంది. మొక్క చచ్చిపోతోందని నీళ్లూ ఎరువూ ఎక్కువ పోసి నిజంగానే చంపేయడం మామూలుగా జరిగేది. చలికి ఎదుగుదల ఆపి అది విశ్రాంతి తీసుకుంటుంది. కాండం మీద గోటితో చిన్న గీత గీస్తే లోపల పచ్చగా కనిపించిందంటే ప్రాణం ఉన్నట్టే. గోడ వారగా ఎండ తగిలే చోట ఉంచి, నీరు బాగా తగ్గించి, ఫిబ్రవరి చివర కొసలు కత్తిరిస్తే గుత్తులుగా చిగురిస్తుంది. తులసినీ కనకాంబరాన్నీ చలి గట్టిగా ఉన్న రాత్రుల్లో చూరు కిందికి తేవాలి.

మల్లెకు డిసెంబరు నుంచి నీరు తగ్గించి, జనవరి చివర ఆకు దూసి, కొమ్మలను సగానికి కత్తిరించి, ఎరువు వేసి మళ్లీ నీరు మొదలుపెడితే మార్చి నుంచి మొగ్గలు వస్తాయి.

ఫిబ్రవరి, మార్చి మొదటి వారాలు కుండీ మార్చడానికి అనువైనవి. మొక్కను బోర్లించి, కుండీ అంచును మెల్లగా తట్టి బయటికి తీసినప్పుడు అడుగున వేళ్లు చాపచుట్టలా అల్లుకుని కనిపిస్తే అది ఇరుకులో ఉందని అర్థం. ఆ చుట్టను అడుగు నుంచి అంగుళం మేర కత్తిరించి, పక్కల వేళ్లను చేతివేళ్లతో విడదీసి, కొత్త మట్టిలో నాటాలి. అలాగే పెద్ద కుండీలోకి దింపేస్తే వేళ్లు అదే సుడి తిరుగుతాయి గాని కొత్త మట్టిలోకి పోవు. వేసవి పూలైన జీనియా, గాంఫ్రీనా, పోర్చులాకా అనే గడ్డిగులాబీ గింజలు, వేసవి కూరలైన బెండ, సొర, దోస గింజలు కూడా ఈ రోజుల్లోనే వేయాలి.

వేసవి: వేరును చల్లగా ఉంచాలి

మార్చి చివరికల్లా పెటూనియా, ఫ్లాక్స్ లాంటి చలికాలపు పూలు అయిపోతాయి. వాటిని ఎలాగైనా నిలపాలని చూడటం దండగ. టమాటా కూడా పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రులు వెచ్చబడ్డాక పూస్తుంది గాని పూత రాలిపోతుంది. ఆ కుండీలను ఖాళీ చేసి మట్టిని ఎండకు ఆరబోసుకోవడం లాభం.

మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె వస్తుంది. దాని తొలి తొమ్మిది రోజులను ఇక్కడివారు నౌతపా అంటారు. అప్పటికల్లా తోట మొత్తం వేసవి కొలువులోకి మారి ఉండాలి. సగం ఎండను ఆపే ఆకుపచ్చ వలను ఏప్రిల్‌లోనే కట్టుకోవాలి. కుండీలను దూరం దూరంగా ఉంచకుండా ఒకదానికొకటి తగిలేలా చేర్చాలి. పెద్ద కుండీలు పడమటి వైపు, చిన్నవి వాటి నీడలో ఉండాలి. చిన్న కుండీని పెద్ద కుండీలో దించి, మధ్య సందులో ఇసుకో ఊకో నింపి తడిపితే వేరుకు ఎండ సెగ తగలదు. మట్టి మీద రెండంగుళాల మందాన ఎండుటాకులో వరిగడ్డో పరిచితే తడి నిలుస్తుంది.

నీళ్లు తెల్లవారగానే ఒకసారి, చిన్న కుండీలకు పొద్దు వాలాక మరోసారి పోయాలి. పైపులో నిలిచిన నీరు ఎండకు మరిగి ఉంటుంది, దాన్ని ముందు వదిలేసి చల్లటి ధార వచ్చాకే మొక్కకు పట్టాలి. బాగా ఎండిన కోకోపీట్ మట్టి నీటిని పట్టుకోదు. అలాంటి కుండీని బకెట్ నీళ్లలో దించి, బుడగలు రావడం ఆగేదాకా ఉంచి తీయాలి. ఏసీ నుంచి కారే నీరు మొక్కలకు మంచిదే. కూలర్ తొట్టి అడుగు నీరు అలా కాదు. నీరు ఆవిరైన కొద్దీ ఉప్పులు అందులో పేరుకుంటాయి, కుండీ అంచున తెల్ల పొర కట్టి ఆకు కొసలు మాడతాయి. తెల్ల పొర కనిపిస్తే మంచి నీళ్లు మూడు నాలుగు సార్లు ధారాళంగా పోసి అడుగు నుంచి కారనివ్వాలి. ఈ నెలల్లో ఘాటు ఎరువులు, కుండీ మార్పు, గట్టి కత్తిరింపు మూడూ మానాలి.

సెలవులకు సొంతూరు వెళ్లే కుటుంబాలు మే నెలలోనే బయల్దేరతాయి. వారం, పది రోజుల ప్రయాణానికి మొక్కలను నీడ వరండాలో ఒక చోట చేర్చి, నడుమ ఎత్తుగా నీళ్ల బకెట్ పెట్టి, నూలు వత్తుల ఒక కొస బకెట్ అడుగున, మరో కొస కుండీ మట్టిలో రెండంగుళాల లోతున ఉంచితే నీరు మెల్లగా పాకుతుంది. పెద్ద తొట్టి మధ్యలో గ్లేజు లేని చిన్న మట్టి కుండను మెడ దాకా పాతి, నీళ్లు నింపి మూత పెట్టినా పని జరుగుతుంది. బయల్దేరే ముందు రెండు రోజులు పరీక్షించి చూసుకోవాలి.

ఈ ఎండలో ఇష్టంగా పూసే మొక్కలూ ఉన్నాయి. కాగితంపూలు, ఎడారి గులాబీ, గడ్డిగులాబీ, గాంఫ్రీనా, మల్లె చేరిస్తే వేసవి వరండా కూడా రంగుగానే ఉంటుంది. సాయంత్రాలు కూర్చునే చోట మల్లె తొట్టి పెట్టడం మరవకూడదు.

ఏడాది పొడవునా కాపు

బిలాస్‌పూర్ మీదుగా బొగ్గు రవాణా చేసే గూడ్సు బండ్లు పగలూ రాత్రీ నడుస్తాయి. వానలు లేని నెలల్లో పట్టాలకు దగ్గరి ఇళ్లలో ఆకుల మీద దుమ్ము పేరుకుంటుంది. దుమ్ము పొర కింద ఆకుకు వెలుతురు సరిగా అందదు, ఎర్రనల్లి కూడా అలాంటి చోటే స్థిరపడుతుంది. వారానికి ఒకసారి ఉదయం పూట ఆకుల పైనా అడుగునా నీళ్లు చిమ్మి కడగాలి. వెడల్పు ఆకులను తడిగుడ్డతో తుడవాలి.

మందారానికి పిండినల్లి, చామంతికి పేనుబంక తరచు పడతాయి. కొద్దిగా ఉన్నప్పుడే కొమ్మ కొసను తుంచి పారేయాలి. పెరిగితే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల ద్రవ సబ్బు బాగా గిలకొట్టి, సాయంత్రం పూట ఆకుల అడుగున తడిసేలా చల్లాలి. వారం ఎడంతో రెండు మూడు సార్లు చల్లితేనే కొత్తగా పొదిగినవి కూడా పోతాయి. కొమ్మ మీద చీమల బారు కనిపిస్తే అక్కడ పేనుబంకో పిండినల్లో ఉన్నట్టే. కొత్తగా కొన్న మొక్కను రెండు వారాలు వేరుగా ఉంచి ఆ తర్వాతే గుంపులో కలపాలి.

బదిలీ వచ్చినప్పుడు

ప్రయాణానికి రెండు వారాల ముందు పెద్ద మొక్కల కొమ్మలను మూడో వంతు తగ్గించాలి. ఆకులు తగ్గితే నీటి అవసరమూ తగ్గుతుంది. ముందు రోజు కొద్దిగా మాత్రమే నీరు పోయాలి. మరీ తడిగా ఉంటే బరువు పెరిగి మట్టి జారుతుంది, మరీ పొడిగా ఉంటే వేళ్ల చుట్టూ ఉన్న ముద్ద విరుగుతుంది. మట్టి మీద గోనె ముక్క కప్పి కుండీకి దారంతో కట్టాలి, కొమ్మలను పైకి చేర్చి పాత చీరతో వదులుగా చుట్టాలి. మట్టి కుండీల మధ్య గడ్డి కుక్కి, ఒకదానికొకటి ఆనేలా సర్దాలి. అన్నీ తీసుకెళ్లడం కుదరకపోతే మొక్కకొక కొమ్మ, పూలకొక పొట్లం గింజలు చాలు. మిగిలిన కుండీలను పొరుగువారికి ఇచ్చి, ఏది ఏ దిక్కున ఉండేదో, దేనికి ఎప్పుడు నీరు కావాలో చెప్పి వెళ్లాలి.

కొత్త చోటికి చేరాక మొక్కలను వెంటనే ఎండలో పెట్టకూడదు. వారం పాటు నీడలో ఉంచి, రోజూ కొంతసేపు ఉదయపు ఎండ చూపిస్తూ అలవాటు చేయాలి. ఆ వారంలోనే కొత్త ఇంటి చుట్టూ పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఎండ ఎక్కడెక్కడ పడుతుందో గమనించి రాసుకోవాలి. కుండీల చోట్లు ఆ కాగితాన్ని చూసి నిర్ణయించాలి.